సముద్రం గారి వాంగ్మూలం

పలకరాళ్ళపల్లెకు తాగడానికి నీళ్ళు లేకపోవడానికి కారణం ఆ ఊరు నడిసముద్రంలో ఉండడమేనని ప్రభుత్వం నిర్ణయించిన సంగతి చాలామందికి తెలియదు. ఊరివాళ్ళకు కూడా ఉత్తర్వు చేతికందాకే తెలిసింది. అంతవరకూ వాళ్ళు వానలు పడక నీళ్ళు లేవని అనుకుంటూ ఉండేవాళ్ళు.

ఈ చిక్కంతా ఖైరున్నీసా రాళ్ళను చూడడంతో మొదలైంది. ఆమె భూగర్భజలాల అనుమతుల శాఖలో జియాలజిస్టు. రాళ్ళ పొరలు చూసి ఎక్కడ నీళ్ళుంటాయో చెప్పడం ఆమె పని. ఆ ఏడు వేసవిలో పలకరాళ్ళపల్లె సర్పంచి చెండ్రాయుడు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఆమెను ఊరికి తీసుకువెళ్ళాడు. ఊళ్ళో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కాయి. మండలం నుంచి ట్యాంకరు వస్తేనే బిందెలు నిండుతున్నాయి. ట్యాంకరు రాని రోజు ఊళ్ళో పొయ్యి వెలగడం లేదు.

ఆమె పొద్దుట ఎండ ముదరకముందే ఊరికి తూర్పున ఉన్న గుట్ట ఎక్కింది. బూడిదరంగు రాయి. దాని నిండా క్యాబేజీని అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రటి చారలు. సున్నం ఉందో లేదో చూడడానికి సీసాలోంచి ఒక చుక్క యాసిడ్ రాయి మీద వేసింది. చుయ్యిమని పొంగింది.

“ఇది ఒకప్పుడు సముద్రంలో పెరిగిన దిబ్బ, సర్పంచి గారూ” అంది. “పాచి పొర మీద పొర కట్టి, సున్నం పట్టి, రాయైపోయింది. లోకంలో చేపలు పుట్టకముందు మాట.”

చెండ్రాయుడు చెప్పులు విప్పి రాయి మీద పాదం ఆనించి చూశాడు. “మా గుట్టకాడ అలలు కొట్టినాయా మేడమ్?”

“కొట్టాయి. ఇక్కడ లోతు లేదు. కింద ఆ బండల బయలు ఉంది చూడండి, అది సముద్రపు అరుగు. ఇంటి ముందు అరుగులాగే ఒడ్డును ఆనుకుని వెడల్పుగా, సమంగా ఉండేది. అదీ సున్నపురాయే. మీ ఊరున్న చోట సముద్రం లోతు. అక్కడ బురద దిగి దిగి నల్ల పలకరాయి అయింది. పలకరాయిలో నీళ్ళు నిలవవు. మీ బోర్లు ఎండిపోయింది అందుకే.”

“అయితే మా ఊరికి నీళ్ళు రాసిపెట్టి ల్యావా?”

“ఉన్నాయి. అరుగు అక్కడితో ఆగిపోలేదు. వాలుగా మీ ఊరి కిందికి దిగిపోయింది. సున్నపురాయిని నీళ్ళు తొలుచుకుని సందులు చేసుకుంటాయి. పలకరాయి దాటి ఆ రాయి తగిలేదాకా బోరు దించితే నీళ్ళు పడతాయి.”

చెండ్రాయుడు వంగి చెప్పులు తొడుక్కున్నాడు. తర్వాత, “ఇన్నేండ్లూ పైపైనే గీకినాం గదప్పా!” అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

ఖైరున్నీసా తన నివేదికలో ఇదంతా రాసి, లోతు బోరుకు సిఫారసు చేసింది. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: “పలకరాళ్ళపల్లె ప్రాచీన సముద్రపు లోతైన భాగంలో ఉన్నది.”

ఆ శాఖ జాయింట్ డైరెక్టరు పేరు మృత్యుంజయప్రసాద్. ఆయన ఇదివరకు రేవుల శాఖలో ఉండి, ఎవరికో కోపం వచ్చి బదిలీ చేస్తే ఈ ఎండల్లోకి వచ్చిపడ్డాడు. ఇక్కడి ఫైళ్ళలో దుమ్ము తప్ప ఏమీ కనిపించక కుమిలిపోతున్న మనిషికి ‘సముద్రం’ అనే మాట కంటపడేసరికి ప్రాణం లేచివచ్చింది. సూపరింటెండెంటు కోదండపాణిని, ఖైరున్నీసాను వెంటనే పిలిపించాడు.

“మన జిల్లాలో సముద్రం ఉన్నట్టు ఇన్నాళ్ళూ నా దృష్టికి ఎందుకు తీసుకురాలేదు?”

“అది చాలా పాతకాలపు సముద్రం సర్” అంది ఖైరున్నీసా.

“పాతదైతే మరీ మంచిది. సీనియారిటీ ఉంటుంది. ఇప్పుడు ఎక్కడుంది?”

“ఇప్పుడు లేదు సర్. పోయింది.”

“పోయిందని ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పడమేమిటి సర్, అక్కడికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది.”

కోదండపాణి గొంతు సవరించుకున్నాడు. ఆ ఆఫీసులో ఏ పని ఎందుకు జరగకూడదో ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. “మేడమ్, మీ కళ్ళకు కనిపించడం వేరు, ఆఫీసుకు కనిపించడం వేరు. సముద్రం ఉన్నట్టు ఫైల్లో ఉంది. మీరే రాశారు. అది ఉపసంహరించుకున్నట్టు ఎక్కడా ఉత్తర్వు లేదు. ఉత్తర్వు లేనంతవరకు అది ఉన్నట్టే లెక్క.”

“చూశారా?” అన్నాడు మృత్యుంజయప్రసాద్, కుర్చీలో వెనక్కి వాలి, రేవు గాలి పీల్చినంత హాయిగా.

వారంలోగా చెండ్రాయుడికి ఉత్తర్వు వెళ్ళింది. “సదరు గ్రామము సముద్రగర్భమందు నెలకొనియున్నట్లు శాఖాపరమైన నివేదిక ద్వారా నిర్ధారణ అయినందున, సముద్రమందు తాగునీటి బోరు వేయుట సాంకేతికముగాను, పరిపాలనాపరముగాను అసంబద్ధమైనందున, మీ విజ్ఞప్తి తిరస్కరించడమైనది. గ్రామస్థులు అలల పట్ల తగు జాగ్రత్త వహించవలెను.”

ఈ ఉత్తర్వు నకలు అన్ని శాఖలకూ వెళ్ళింది. జిల్లాకు సముద్రం వచ్చిందన్న ఉత్సాహం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. బండల బయల్లో, నేల నెర్రెలిచ్చిన చోట, ‘స్నానాలు ప్రమాదకరం’ అని బోర్డు పాతారు. తుపాను హెచ్చరికలకు జెండా కర్ర నిలబెట్టారు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఎవరూ వేటకు వెళ్ళబోమని ఊరందరి చేతా సంతకాలు చేయించారు. అందరూ సంతోషంగా చేశారు. వలలు ఉచితంగా పంచితే, మేకలు దూకిపోకుండా దొడ్ల చుట్టూ కట్టుకున్నారు. ఒక అధికారి వచ్చి బండల మీద నిలబడి, గాలికి కళ్ళు మూసుకుని, ఉప్పు వాసన వస్తోందని నోట్ చేసుకుని వెళ్ళాడు.

వీటితో ఎవరికీ నష్టం లేదు. ఊరివాళ్ళు కొన్నాళ్ళు నవ్వుకున్నారు కూడా. ఆ తర్వాత ట్యాంకరు రావడం ఆగిపోయింది.

“రోడ్డు మీద తిరిగే బండిని సముద్రంలోకి ఎట్లా పంపిస్తాం?” అన్నారు మండలం ఆఫీసులో. “మునిగిపోతే ఎవరు బాధ్యులు? పడవ మంజూరుకు రాశాం. వచ్చాక నీళ్ళు పంపిస్తాం.”

ఊళ్ళో నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు బండల బయలు దాటి, పక్క ఊరి తోటల్లో బతిమాలుకుని బిందె తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పశువులను చుట్టాల ఊళ్ళకు తోలారు. మోయలేని వాళ్ళు, చంటిపిల్లలున్న వాళ్ళు ఇళ్ళకు తాళాలు వేసి వెళ్ళిపోయారు. చెండ్రాయుడు ఖైరున్నీసా దగ్గరికి వచ్చి, కుర్చీ అంచున కూలబడ్డాడు.

“నీళ్ళు చూపిస్తారని పిలుచుకపోతే సముద్రంలో ముంచితిరి గద మేడమ్” అన్నాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఆ రోజే సామాను సర్దుకుని మళ్ళీ గుట్ట ఎక్కింది. సముద్రం పోయిందని రుజువు చూపించాలి, అంతేగా? గుట్ట కొసన, సముద్రపు పొరల పైన, నది తెచ్చి పోసిన గులకరాళ్ళ పొర ఒకటి ఉంది. నది పారిందంటే అప్పటికి అది నేల అయినట్టే. ఫోటోలు తీసింది, ముక్కలు సంచిలో వేసుకుంది, తెచ్చి మృత్యుంజయప్రసాద్ బల్ల మీద పరిచింది.

“ఇది సముద్రపు పొర సర్. ఇది దాని మీద నది వేసిన పొర.”

కోదండపాణి కళ్ళజోడు పెట్టుకుని ఫోటో మీదికి వంగాడు. “ఒకదాని వెంటనే ఒకటి వచ్చాయా?”

ఖైరున్నీసా అబద్ధం చెప్పలేకపోయింది. “లేదు. ఈ రెంటికీ మధ్య కోట్ల ఏళ్ళ విరామం ఉంది. ఆ కాలపు పొరలు వానకూ గాలికీ అరిగి కొట్టుకుపోయాయి.”

“అంటే ఆ కాలపు రికార్డు లేదు.”

“లేదు.”

“సముద్రం వెళ్ళిపోయిన కాలానికి సంబంధించిన రికార్డే సరిగ్గా కనిపించడం లేదు” అన్నాడు కోదండపాణి, జాయింట్ డైరెక్టరు వైపు తిరిగి, చాలా మెల్లగా.

మర్నాడు ఆమెకు మెమో వచ్చింది. కోట్ల సంవత్సరముల విలువైన రికార్డు తమ ఆధీనములో ఉండగా మాయమగుటకు గల కారణములను లిఖితపూర్వకముగా వివరించవలెనని. అప్పటికి తాను పుట్టలేదని ఆమె జవాబు రాసింది. ‘పుట్టని కాలమునకు సెలవు చీటీ జతపరచలేదు’ అని ఆ జవాబు తిరిగి వచ్చింది.

చివరికి కోదండపాణే ఒక దారి చూపించాడు. ఆయనకు ఊరి మీద జాలి కలిగిందని కాదు. సముద్రతీరపు జిల్లా అయ్యాక నెలనెలా పంపాల్సిన వివరాలు పెరిగిపోయి, ఆయన గుమాస్తాలు సాయంత్రం ఇళ్ళకు పోలేకపోతున్నారు. “సముద్రాన్నే అడిగేద్దాం సర్. నోటీసు ఇద్దాం. విచారణకు వచ్చి, ఉపసంహరించుకున్నానని చెబితే సరి. రాకపోతే మళ్ళీ నోటీసు ఇద్దాం.”

“పలకరాళ్ళపల్లె వాస్తవ్యులు సముద్రం గారికి” అని నోటీసు తయారై గుట్టకు అతికించబడింది. విచారణ మండల కేంద్రంలో.

ఆ రోజు ఊళ్ళో మిగిలినవాళ్ళూ, ఊరు వదిలినవాళ్ళూ అందరూ వచ్చారు. హాల్లో చోటు చాలక వరండా నిండింది. మృత్యుంజయప్రసాద్ మధ్య కుర్చీలో, కోదండపాణి పక్కన కాగితాలతో, ఖైరున్నీసా గోడ పక్కన. టైము కాగానే అటెండరు వరండాలోకి వచ్చి గొంతెత్తి పిలిచాడు.

“సముద్రం... సముద్రం... సముద్రం!”

“ఈడుండా నాయనా” అంది ఒక గొంతు. “యాల అట్లా అరుస్తావు? నాకేం చెవుడా?”

జనాన్ని తోసుకుంటూ ఒక ముసలావిడ లోపలికి వచ్చింది. నడుము వంగింది గాని అడుగు గట్టిగా పడుతోంది. పేరు సముద్రమ్మ. ఆమె పుట్టిన ఏడు వానలు బాగా కురిశాయని నాన్న మురిసిపోయి పెట్టిన పేరు. ట్యాంకరు ఆగిపోయాక, బిందె మోయలేక పడిపోతే, మండల కేంద్రంలో ఉన్న కూతురు వచ్చి తన దగ్గరికి తీసుకుపోయింది. ఊరివాళ్ళంతా వచ్చారని తెలిసి చూసిపోదామని వచ్చింది.

కోదండపాణి ఆమె ఆధార్ కార్డు అడిగాడు. కార్డు అచ్చువేసినవాళ్ళు చివరి ‘మ్మ’ను సున్న చేసేయడంతో అందులో ‘సముద్రం’ అని ఉంది. గ్రామం, పలకరాళ్ళపల్లె.

“సరిపోయింది సర్” అన్నాడు.

“సర్, ఆమె మనిషి!” అంది ఖైరున్నీసా.

“మేడమ్, మీరు రాళ్ళు చూడండి. మనుషుల గుర్తింపు రెవెన్యూ వాళ్ళ పని” అన్నాడు మృత్యుంజయప్రసాద్. తర్వాత ఆయనకే ఒక అనుమానం వచ్చింది. “కాని సముద్రుడు పురుషుడు కదా, పాణీ?”

“అది దేవాదాయ శాఖ పరిధి సర్.”

ఖైరున్నీసా ఇంకా ఏదో అనబోయింది. వరండాలోంచి చెండ్రాయుడు వద్దన్నట్టు తల ఆడించడం చూసి ఊరుకుంది.

విచారణ మొదలైంది.

“పలకరాళ్ళపల్లెలో తమరు ఎంతకాలంగా ఉన్నారు?”

“పుట్టింది ఆడనే సార్. ఆ ఊర్లో ఇప్పుడు నాకన్నా పాతోళ్ళు ఎవరూ ల్యారు.”

“మరి అక్కడి నుంచి ఎందుకు వెళ్ళిపోయారు?”

“నీళ్ళు ల్యాక పోయినా. ల్యాకుంటే నేనెందుకు పోతా?”

“నీటి కొరత కారణముగా సముద్రము ఉపసంహరించుకొనినది” అని పైకి చదువుకుంటూ రాశాడు కోదండపాణి.

“తమరిని ఎవరైనా బలవంతంగా పంపించారా?”

“ఎండ పంపిచ్చింది. ఆ ట్యాంకరు నిలిపేసినోళ్ళు పంపిచ్చినారు. వాళ్ళ పేర్లు నాకు తెల్దు.”

అది రాయలేదు.

“గ్రామంలో తమకు సంబంధించినవి ఏమైనా మిగిలి ఉన్నాయా?”

“గుడిసె ఉండాది. మా ఆయన్ను పూడ్చిన చోటు ఉండాది.” ఆమె గొంతు కొంచెం తగ్గింది. “మేకలుండె. అమ్మేసినా. అయిటికీ నీళ్ళు యాడినుంచి తెస్తా?”

కోదండపాణి కలం కాస్త ఆగి, మళ్ళీ నడిచింది.

“ఆఖరి ప్రశ్న” అన్నాడు మృత్యుంజయప్రసాద్. “తమరికి తిరిగి వెళ్ళే ఉద్దేశం ఏమైనా ఉందా?”

“ఎందుకుండదు? నీళ్ళు పడితే ఆ పొద్దే పోతా. కూతురింట్లో ఎన్నాళ్ళని ఉంటా సార్? నా ఊరు నాది గదా!”

జాయింట్ డైరెక్టరూ సూపరింటెండెంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముసలమ్మ చేత వేలిముద్ర వేయించుకుని విచారణ ముగించారు.

ఉత్తర్వు త్వరగానే వచ్చింది. సముద్రం గారు స్వయముగా హాజరై తాము ఉపసంహరించుకొనినట్లు వాంగ్మూలమిచ్చినందున పలకరాళ్ళపల్లెను భూమిగా గుర్తించడమైనది. కావున బోరుకు అనుమతించడమైనది. అయితే గ్రామమందు నీరు పడినయెడల తాము అదే దినమున తిరిగి రాగలమని వారు నిర్ద్వంద్వముగా తెలిపినందున, ప్రజల ప్రాణరక్షణ దృష్ట్యా, బోరులో నీరు పడరాదను షరతుకు లోబడి ఈ అనుమతి చెల్లును. షరతు ఉల్లంఘించినచో బోరును మూసివేసి, గ్రామమును ఖాళీ చేయించడమగును.

చెండ్రాయుడు ఉత్తర్వు పట్టుకుని కోదండపాణి దగ్గరికి వెళ్ళాడు. “నీళ్ళు పడకూడదంటే ఇంక బోరు యాల సార్?”

“బోరు అడిగారు, ఇచ్చాం” అన్నాడు కోదండపాణి. “మీ దరఖాస్తులో నీళ్ళు కావాలని ఎక్కడైనా రాశారా?”

రాయలేదు.

“ముందు బోరు దించుదాం పదండి” అంది ఖైరున్నీసా.

రిగ్గు బండి ఊళ్ళోకి వచ్చింది. తాను గుర్తు పెట్టిన చోటే దాన్ని నిలబెట్టించి ఆమె పక్కనే కూర్చుంది. చాలాసేపు నల్లటి పొడి పైకి వచ్చింది. పాత బోర్లు ఆపేసిన లోతు దాటింది. ఇంకా నల్లపొడే. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగి గోడల నీడల్లో చేరారు. రిగ్గు నడిపేవాడు ఆపేద్దామా అన్నట్టు చూశాడు. వద్దంది. ఆ తర్వాత పొడి రంగు మారింది. బూడిదరంగు, ఇంకాసేపటికి తెలుపు. గుప్పెడు తీసి యాసిడ్ చుక్క వేసింది. చుయ్యిమని పొంగింది.

“అరుగు తగిలింది” అంది.

నీళ్ళు రిగ్గు తలమీదుగా ఎగిరి పడ్డాయి. పిల్లలు బట్టలతోనే కిందికి దూరారు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చెండ్రాయుడు తలపాగా విప్పి తడుపుకుని నెత్తిన వేసుకున్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చి ముఖం మాడ్చుకున్నాడు.

“యాయ్, అరవద్దండి! నీళ్ళు పడినాయని ఆఫీసుకు తెలుస్తాది!”

ఆ సాయంత్రమే సముద్రమ్మ మూట నెత్తిన పెట్టుకుని ఆటోలో దిగింది.

తనిఖీకి మృత్యుంజయప్రసాద్, కోదండపాణి మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఊరు భూమిగా మారిన సంగతి తనిఖీల రూల్సులో ఇంకా చేరలేదు గనక, ఇద్దరూ నీళ్ళలో తేలే నారింజరంగు కోట్లు తొడుక్కున్నారు. జీపు దిగి బోరు దాకా నడిచేసరికి జాయింట్ డైరెక్టరుకు కళ్ళు బైర్లు కమ్మాయి. బోరు గట్టు మీదే కూలబడ్డాడు. సముద్రమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గటగటా తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. అది కూడా తాగి, మిగిలినవి ముఖాన చల్లుకున్నాడు.

“అమృతంలా ఉన్నాయి” అన్నాడు. “ఎక్కడివి?”

జవాబుగా బోరు మోటారు చప్పుడొక్కటే వినిపించింది.

కోదండపాణి ఆయన చెవి దగ్గరికి వంగాడు. “సర్, నీరు పడిందని రాస్తే షరతు ఉల్లంఘన. సముద్రం తిరిగి వచ్చినట్టు. అదిగో, గుడిసె ముందు ఊడుస్తోంది కూడా. ఊరు ఖాళీ చేయించాలి. పక్క ఊళ్ళు కూడా. సముద్రాన్ని మళ్ళీ ఎవరు రానిచ్చారని పైనుంచి అడుగుతారు. సంతకం తమది.”

మృత్యుంజయప్రసాద్ మీసాల మీది తడి తుడుచుకుంటూ ఆలోచించాడు. “రాయకపోతే?”

“రాయకపోతే నీరు పడలేదు సర్.”

“అయితే నీరు కనిపించలేదని రాయండి. జియాలజిస్టు ధ్రువీకరించాలి.”

కాగితం ఖైరున్నీసా చేతికి వచ్చింది. ఆమె ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఉన్న పొరను లేదని రాయలేదు, లేని పొరను ఉందని రాయలేదు. కాగితం వైపు చూసింది. బోరు దగ్గర వరసకట్టిన బిందెల వైపు చూసింది. అక్కడి ఆడవాళ్ళు మాట్లాడడం మానేసి ఆమెనే చూస్తున్నారు. ఒళ్ళంతా ఏదో మురికి అంటినట్టు అనిపించింది. కలం తీసి, ‘నీరు కనిపించలేదు’ అన్న వాక్యం కింద సంతకం పెట్టింది.

బోరు విఫలమైనట్టు నమోదైంది. షరతును అక్షరాలా పాటించినందుకు గ్రామాన్ని శాఖ అభినందించింది. అంచనా తప్పినందుకు ఖైరున్నీసాను హెచ్చరించింది. ఊరు మళ్ళీ భూమి అయింది, ఊళ్ళో నీరు లేదు, కాబట్టి ట్యాంకరు మళ్ళీ మంజూరైంది. దాని డ్రైవరు ఖాళీ ట్యాంకరుతో పలకరాళ్ళపల్లెకు వచ్చి, బోరు దగ్గర నింపుకుని, నీళ్ళు లేని పక్క ఊరికి తోలుకుపోతున్నాడు.

కొన్నాళ్ళకు ఖైరున్నీసా ఆ దారిన వేరే ఊరికి వెళుతూ అక్కడ ఆగింది. సముద్రమ్మ మేకపిల్లకు నీళ్ళు పెడుతూ ఆమెను గుర్తుపట్టింది.

“నీళ్ళు ల్యావని రాసిచ్చినావంట గదమ్మా?”

“రాశానవ్వా.”

“మనసుకు బాధగా ఉండాదా?”

“ఉంది.”

అవ్వ చెంబు కడిగి, కుండలో నిండా ముంచి ఆమె చేతికిచ్చింది. “తాగు” అంది. “దీన్ని మళ్ళీ యాడా రాయబాకు.”